రెండు అల్ట్రాసౌండ్ పద్ధతుల ఇమేజ్ క్వాలిటీ న్యాయంగా పోల్చాలంటే ఏం చెయ్యాలి

పోయిన నెల మా అనంతపురం పిల్లోడు ఒకడు, ఇక్కడే బెంగళూరులో ఎంటెక్ చేస్తున్నాడు, మత్తికెరెలో టిఫిన్ తింటూ ఫోన్ తీసి రెండు ఇమేజ్‌లు చూపించాడు. ఎడమ పక్కది మామూలు డిలే అండ్ సమ్ (ప్రోబ్‌లోని ఒక్కో ఎలిమెంట్ అందుకున్న సిగ్నల్‌ని సరైన ఆలస్యంతో జరిపి కూడటం), కుడి పక్కది వాడు రాసుకున్న కొత్త బీమ్‌ఫార్మర్, అంటే ఆ సిగ్నల్స్‌ని కలిపి ఇమేజ్ తయారుచేసే ప్రోగ్రామ్. కుడిదాంట్లో సిస్ట్ (నీటి తిత్తి) కాటుక పెట్టినట్టు నల్లగా ఉంది, అంచు గీత గీసినట్టుంది. "అన్నా, కాంట్రాస్ట్ డబులయింది చూడు" అన్నాడు, మొహం వెలిగిపోతోంది. రెండింటికీ డైనమిక్ రేంజ్ ఎంత పెట్టావ్ రా అని ఒక్క మాట అడిగా, అంటే స్క్రీన్ మీద తెలుపుకీ నలుపుకీ మధ్య ఎన్ని డెసిబెల్స్ (డీబీ) చూపిస్తున్నావని. ఎడమదానికి 60 డీబీ, కుడిదానికి ఎంతో వాడికే గుర్తు లేదు. పైగా అవి వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు, అంటే కంప్రెస్ అయ్యి సగం స్పెకల్ (ఇమేజ్‌లో ఇసక చల్లినట్టు కనపడే గరుకు) అక్కడే పోయింది.

వాణ్ని తిట్టలేదు నేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇదే తప్పులో కాలేశా, టీమ్ అంతా కూర్చున్న రివ్యూలో సిస్ట్ ఎంత నల్లగా వచ్చిందో చూడండి అని చూపిస్తే, అక్కడున్న రేడియాలజిస్ట్ మేడం కాసేపు చూసి "ఇంతకుముందు కనపడనిది ఇప్పుడు ఏం కనపడుతోంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఏ రెండు ఇమేజ్‌లు చూసినా నాకు అదే ప్రశ్న, కొత్త సమాచారం వచ్చిందా, ఉన్న సమాచారానికే నలుపు తెలుపు మార్చి పెట్టామా? ఈ రెండూ కంటికి ఒకేలా ఉంటాయి, అందుకే పోల్చడానికి ఒక పద్ధతి కావాలి. నేను చేసే పద్ధతి ఇక్కడ మొత్తం రాస్తున్నా, ఎంటెక్, పీహెచ్‌డీ పిల్లలకి, మెడికల్ డివైస్ కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్ళకి పనికొస్తుందని.

డేటా ఒకటే ఉండాలి

బీమ్‌ఫార్మర్లను పోలుస్తుంటే రికార్డింగ్ ఒక్కసారే చెయ్యండి, రా ఛానల్ డేటా (ప్రతి ఎలిమెంట్ అందుకున్న అసలు సిగ్నల్) సేవ్ చేసుకోండి, ఆ ఒక్క డేటానే రెండు పద్ధతుల్లోనూ ప్రాసెస్ చెయ్యండి. ప్రోబ్ తీసి మళ్ళీ పెడితే కుదరదు, చెయ్యి ఒక మిల్లీమీటర్ జరిగినా స్పెకల్ నమూనా మొత్తం మారిపోతుంది, అప్పుడు మీరు కొలిచే తేడా పద్ధతిదో చెయ్యిదో చెప్పలేరు. మీ దగ్గర ఛానల్ డేటా ఇచ్చే మెషీన్ లేకపోతే దిగులు పడక్కర్లేదు, 2016లో ప్లేన్ వేవ్ (లైన్ తర్వాత లైన్ కాకుండా మొత్తం ఏరియాకి ఒకేసారి అలని పంపే) ఇమేజింగ్ కోసం పెట్టిన పిక్‌మస్ ఛాలెంజ్ డేటా ఫ్రీగా దొరుకుతుంది, అందులో సిమ్యులేషన్ ఉంది, ఫాంటమ్ (శరీరం బదులు స్కాన్ చేసే నకిలీ దిమ్మ) ఉంది, మనిషి మెడలోని కెరోటిడ్ ధమని కూడా ఉంది, 128 ఎలిమెంట్ల ప్రోబ్‌తో మైనస్ 16 నుంచి ప్లస్ 16 డిగ్రీల దాకా 75 కోణాల్లో తీసింది. సిమ్యులేషన్ మీరే చేసుకోవాలంటే డెన్మార్క్‌లో యెన్సెన్ రాసిన ఫీల్డ్ టూ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఈ ఫీల్డ్‌లో దాదాపు అందరూ మొదట పట్టుకునేది దాన్నే.

ఐతే కొన్ని పద్ధతుల్లో పంపే సిగ్నలే వేరు. హార్మోనిక్ (పంపిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపులో వచ్చే ప్రతిధ్వనితో తీసేది) వర్సెస్ ఫండమెంటల్ (పంపిన ఫ్రీక్వెన్సీతోనే తీసేది), ఫోకస్డ్ బీమ్ వర్సెస్ ప్లేన్ వేవ్, ఇలాంటి చోట ఒకే డేటా అనేది కుదిరే పని కాదు. అప్పుడు ప్రోబ్‌ని స్టాండ్‌కి బిగించి, కదలకుండా, ఒకదాని వెంట ఒకటి తియ్యండి, ఫాంటమ్ అదే, డెప్త్ అదే, టీజీసీ (లోతుని బట్టి సిగ్నల్‌ని పెంచే సెట్టింగ్) అదే, మెషీన్ స్క్రీన్ మీద కనపడే మెకానికల్ ఇండెక్స్ (పంపే సౌండ్ ఎంత బలంగా ఉందో చెప్పే నంబర్) కూడా వీలైనంత దగ్గరగా ఉండాలి, పవర్ పెంచి పంపినవాడికి నాయిస్ తక్కువ రాక ఏమొస్తుంది?

ఇంకో లెక్క కూడా పక్కనే రాసి పెట్టుకోండి, ఫ్రేమ్ రేట్. 15 సెంటీమీటర్ల లోతుకి సౌండ్ వెళ్ళి రావడానికి, సెకనుకి 1540 మీటర్ల లెక్కన, దాదాపు 195 మైక్రోసెకన్లు పడుతుంది. లైన్ తర్వాత లైన్ 128 లైన్లు తీస్తే ఒక ఫ్రేమ్‌కి 25 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి 40 ఫ్రేములు. ప్లేన్ వేవ్ ఒక్క షాట్ ఐతే సెకనుకి 5000 దాటుతుంది కానీ ఇమేజ్ మసకగా ఉంటుంది, 75 కోణాలూ కలిపితే ఇమేజ్ బాగుపడుతుంది, రేటు మాత్రం 68కి పడిపోతుంది. గుండె కవాటం చూడాలనుకునే డాక్టర్‌కి ఈ రేటు చెప్పకుండా ఇమేజ్ బాగుంది అని మాత్రమే చెప్తే సగమే చెప్పినట్టు.

ఫాంటమ్ మనమే పోసుకోవచ్చు

కంపెనీ ఫాంటమ్‌లు ఖరీదు, చాలా కాలేజీల్లో ఉండేది ఒకటే, అదీ ఎవరో ఒకరి దగ్గర లాక్ అయి ఉంటుంది. మొదటి ప్రయోగాలకి ఇంటి ఫాంటమ్ చాలు, నేను చిక్కపేట వైపు బేకరీ సామాను షాపులో అగర్ పౌడర్ కొనుక్కొచ్చి చేసేవాణ్ని. ఇళ్ళల్లో చైనా గ్రాస్ అని పుడ్డింగ్‌లో వేస్తారే, అదే సరుకు, కాకపోతే తీగల్లా ఉండేది కాకుండా పౌడర్ తీసుకోండి, తూకం కచ్చితంగా వస్తుంది.

లీటర్ లెక్కన చెప్తా. 830 గ్రాముల నీళ్ళు, 110 గ్రాముల గ్లిజరిన్ (మెడికల్ షాపులో దొరికేదే), 30 గ్రాముల అగర్. గ్లిజరిన్ ఎందుకంటే మామూలు గది వేడిలో నీళ్ళల్లో సౌండ్ వేగం 1490 దగ్గర ఉంటుంది, మెషీన్ మాత్రం 1540 అనుకుని లెక్క కడుతుంది, గ్లిజరిన్ ఆ లోటు పూడుస్తుంది. అగర్ బాగా మరిగి పూర్తిగా కరగాలి, మరిగేటప్పుడు ఆవిరైన నీళ్ళ బరువు మళ్ళీ కలపండి. స్పెకల్ రావాలంటే లోపల సౌండ్‌ని చెదరగొట్టే పొడి ఏదైనా ఉండాలి, సన్నటి గ్రాఫైట్ పొడి గానీ, మెత్తగా మిక్సీ పట్టిన ఇసబ్గోల్ గానీ, లీటర్‌కి ఓ పది గ్రాములతో మొదలుపెట్టి చూడండి. ఇక్కడ ఓపిక కావాలి. వేడిగా ఉన్నప్పుడే పోసేస్తే పొడంతా అడుగుకి చేరుతుంది, పైన నల్లగా కింద తెల్లగా వస్తుంది, కాబట్టి మెల్లగా తిప్పుతూ 50 డిగ్రీల దగ్గరికి చల్లారనిచ్చి అప్పుడు పోయండి. గబగబా తిప్పితే బుడగలు పడతాయి, బుడగ పడిందంటే ఇమేజ్‌లో తెల్లటి చుక్క, దాని కింద తోకలాగా గీతలు, ఆ భాగం ఇక కొలతకి పనికిరాదు.

డబ్బాకి రెండు పక్కలా సన్నటి బెజ్జాలు పెట్టి చేపల గాలానికి వాడే సన్న నైలాన్ దారం బిగించండి, రిజల్యూషన్ కొలవడానికి అదే పాయింట్ టార్గెట్. దారాలు ఒక్కొక్కటి దూరంగా కొన్ని, జంటగా దగ్గర దగ్గరగా కొన్ని పెట్టండి, ఒక జంట 2 మిల్లీమీటర్లు, ఒకటి 1, ఒకటి అర. ఈ జంటల అవసరం కింద చెప్తా. సిస్ట్ కోసం నూనె రాసిన గుండ్రటి గొట్టం నిలబెట్టి, చుట్టూ పోసి, గట్టిపడ్డాక గొట్టం లాగేసి ఆ ఖాళీలో పొడి కలపని అగర్ పోస్తే సరిపోతుంది. క్లింగ్ ఫిల్మ్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, లేకపోతే ఎండిపోయి మూలలు లేస్తాయి, కొన్ని రోజులకి బూజు ఎలాగూ పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే స్కాన్ చెయ్యొద్దు, చల్లగా ఉంటే సౌండ్ వేగం మారుతుంది, గది వేడికి వచ్చేదాకా ఆగండి.

వర్గం (స్క్వేర్) చేసి చూడండి, సగం మాయ అక్కడే తెలిసిపోతుంది

ఇప్పుడు అసలు విషయం. ఒక్క రోజు టైమ్ పెట్టి ఈ చిన్న ప్రయోగం మీ చేత్తో చెయ్యండి, నేను ఎంత రాసినా అది చెప్పినంత బాగా చెప్పలేను. మామూలు డిలే అండ్ సమ్ ఇమేజ్ తీసుకోండి, లాగ్ కంప్రెషన్‌కి ముందున్న ఎన్వలప్, అంటే స్క్రీన్ కోసం డీబీల్లోకి మార్చకముందు ప్రతి చోటా సిగ్నల్ ఎంత బలంగా ఉందనేది. ప్రతి పిక్సెల్ విలువనీ దానితోనే గుణించండి. అంతే, కొత్త అల్గారిథమ్ ఏమీ లేదు, స్కూల్ పిల్లాడి వర్గం. ఇప్పుడు పాత ఇమేజ్, కొత్త ఇమేజ్ రెండింటికీ కొలతలు తియ్యండి.

సిస్ట్‌కీ చుట్టుపక్కలకీ మధ్య కాంట్రాస్ట్ 20 డీబీ ఉంటే 40 డీబీ అయిపోతుంది. దారం చుక్క వెడల్పు, అంటే పీక్ నుంచి 6 డీబీ తగ్గేచోట కొలిచే వెడల్పు, 0.6 మిల్లీమీటర్లు ఉన్నది దాదాపు 0.42 అవుతుంది. కాగితం మీద చూస్తే కాంట్రాస్ట్ రెట్టింపు, రిజల్యూషన్ 30 శాతం మెరుగు! నిజానికి ఒక్క ముక్క కొత్త సమాచారం కూడా రాలేదు. చాలా కొత్త పద్ధతులు, కోహెరెన్స్ ఫ్యాక్టర్ (ఎలిమెంట్ల సిగ్నల్స్ ఎంత బాగా కలుస్తున్నాయో చూసి పిక్సెల్‌కి బరువు ఇచ్చేది) లాంటివి, తాము చేసే అసలు మేలుతో పాటు ఇలా డైనమిక్ రేంజ్‌ని కూడా సాగదీస్తాయి, ఏది మేలో ఏది సాగదీతో కాంట్రాస్ట్ నంబర్ ఒక్కటే చూస్తే విడదీయలేం. ఓస్లో యూనివర్సిటీ వాళ్ళు 2019లో దీని మీదే పేపర్ రాశారు, తెలుపు నుంచి నలుపుకి మెల్లగా దిగే వాలు లాంటి టార్గెట్ పెట్టి, ఆ దిగుడు ఇమేజ్‌లో ఎంత వాలుగా ఉందో చూడమన్నారు. సిమ్యులేషన్‌లో మీరూ అది పెట్టుకోండి, సెంటీమీటర్‌కి 10 డీబీ దిగాల్సింది 20 దిగితే మీ పద్ధతి సాగదీస్తున్నట్టే.

సాగదీతకి లొంగని కొలత కావాలి. 2020లో రోడ్రిగెజ్ మోలారెస్, తోటివాళ్ళు ఇచ్చిన జీసీఎన్ఆర్ (జనరలైజ్డ్ కాంట్రాస్ట్ టు నాయిస్ రేషియో) అలాంటిది. సిస్ట్ లోపలి పిక్సెల్స్‌కి ఒక హిస్టోగ్రామ్, బయటి పిక్సెల్స్‌కి ఒక హిస్టోగ్రామ్ గీసి, రెండూ ఒకదాని మీద ఒకటి ఎంత పడుతున్నాయో చూసి ఆ భాగాన్ని 1లోంచి తీసెయ్యడమే. పూర్తిగా విడిపోతే 1, పూర్తిగా కలిసిపోతే 0. వర్గం చేసినా, లాగ్ తీసినా, గామా మార్చినా పిక్సెల్స్ వరస మారదు కాబట్టి ఈ నంబర్ మారదు. మా పిల్లోడు ఆ రాత్రే కూర్చుని రెండు ఇమేజ్‌లకీ ఇది లెక్కేశాడు, డిలే అండ్ సమ్‌కి 0.91, వాడి పద్ధతికి 0.92. పొద్దున్నే ఫోన్ చేశాడు, గొంతు నీరసంగా ఉంది, నేనైతే సంతోషించా, ఆ 0.01 నిజమో కాదో తేల్చుకోవడం నుంచి వాడి అసలు పని మొదలైంది.

జీసీఎన్ఆర్‌లో కూడా ఒక గుంట ఉంది. పిక్సెల్స్ రెండొందలే ఉండి బిన్స్ (హిస్టోగ్రామ్ గడులు) వంద పెడితే హిస్టోగ్రామ్ పళ్ళూడిన దువ్వెనలా వస్తుంది, రెండూ కలవాల్సిన చోట కలవవు, నంబర్ ఊరికే పెరిగిపోతుంది. దీనికి నేను చేసే పరీక్ష, సిస్ట్‌ని వదిలేసి మామూలు బ్యాక్‌గ్రౌండ్‌లోనే ఒకే లోతులో రెండు ముక్కలు తీసుకుని వాటి మధ్య జీసీఎన్ఆర్ లెక్కేస్తా. సున్నా దగ్గర రావాలి. 0.2, 0.3 వస్తోందంటే బిన్స్ తగ్గించండి, లేదా పెద్ద ఏరియా తీసుకోండి. బిన్స్ సమాన వెడల్పుతో కాకుండా ప్రతి బిన్‌లో సమానంగా పిక్సెల్స్ పడేలా పెడితే ఇంకా మంచిది.

స్పెకల్ కూడా చూడాలి. ఒకే తీరుగా ఉన్న భాగంలో ఎన్వలప్ సగటుని స్టాండర్డ్ డీవియేషన్‌తో భాగిస్తే 1.91 రావాలి, ఇది భౌతికశాస్త్రం ఇచ్చిన నంబర్, మెషీన్‌ని బట్టి మారదు. ఇందాకటి వర్గం చేసిన ఇమేజ్‌లో ఇదే 1కి పడిపోతుంది, దొంగ ఇక్కడ పట్టుబడిపోతాడు. 1.91 కంటే బాగా ఎక్కువొస్తే ఎక్కడో స్పెకల్‌ని నున్నగా చేసే ఫిల్టర్ గానీ కాంపౌండింగ్ (చాలా కోణాల ఇమేజ్‌లని సగటు చెయ్యడం) గానీ ఉంది. పూర్తిగా నల్లటి సిస్ట్‌కి కూడా ఎన్వలప్ మీద మామూలు సీఎన్ఆర్ (లోపలి, బయటి సగటుల తేడాని రెండు డీవియేషన్ల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగించేది) 1.91 దాటదు, ఎందుకంటే లోపల డీవియేషన్ సున్నా, మిగిలేది బయటి సగటు, బయటి డీవియేషన్ మాత్రమే. ఎవరైనా 5 వచ్చిందని రాస్తే స్పెకల్‌ని ఏం చేశారో అడగండి.

ఏరియాలు ఎంచుకునేటప్పుడు సిస్ట్ అంచుని తాకకండి, వ్యాసార్థంలో 80 శాతం దాకా లోపలి వృత్తం చాలు. బయటి భాగం అదే లోతులో ఉండాలి. శరీరంలో సౌండ్ మెగాహెర్ట్జ్‌కి సెంటీమీటర్‌కి సుమారు అర డీబీ తగ్గుతుంది, 5 మెగాహెర్ట్జ్‌తో 4 సెంటీమీటర్ల లోతుకి వెళ్ళి వచ్చేసరికి 20 డీబీ పోయినట్టే, లోతు తేడా ఉంటే మీరు కొలిచేది అటెన్యుయేషన్‌ని, కాంట్రాస్ట్‌ని కాదు.

రిజల్యూషన్‌కి ఇందాకటి దారాల జంటలు. ఒక్క దారం చుక్క సన్నగా రావడం రిజల్యూషన్ కాదు, వర్గం చేసినా సన్నబడుతుంది. పక్కపక్కనున్న రెండు దారాలు రెండుగా కనపడుతున్నాయా, మధ్యలో లోయ ఉందా అనేది చూడండి. 5 మెగాహెర్ట్జ్‌లో వేవ్‌లెంగ్త్ 0.31 మిల్లీమీటర్లు, ఎఫ్ నంబర్ (లోతుని వాడే ప్రోబ్ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 2 ఐతే పక్కవాటు రిజల్యూషన్ 0.6 దగ్గర ఉండాలి, కాబట్టి అర మిల్లీమీటర్ జంటని మీ పద్ధతి నిజంగా విడదీస్తే, స్పెకల్ మధ్యలో కూడా విడదీస్తే, అది గొప్ప విషయమే, ధైర్యంగా చెప్పుకోండి.

ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం వద్దు

నాకు బాగా బాధ కలిగించేది ఇది. సొంత పద్ధతికి నెల రోజులు పారామీటర్లు తిప్పి తిప్పి పెట్టుకుంటారు, పోల్చే డిలే అండ్ సమ్‌కి మాత్రం అపోడైజేషన్ (అంచు ఎలిమెంట్లకి తక్కువ బరువు ఇవ్వడం) కూడా పెట్టకుండా, ఎఫ్ నంబర్ సరిచూడకుండా వదిలేస్తారు. హ్యామింగ్ విండో (అలాంటి ఒక అపోడైజేషన్) పెట్టిన డిలే అండ్ సమ్ సైడ్ లోబ్స్‌ని, అంటే పక్కలకి లీకయ్యే బీమ్‌ని, బాగా తగ్గిస్తుంది, చాలాసార్లు కొత్త పద్ధతి గొప్ప సగం అక్కడే కరిగిపోతుంది. బేస్‌లైన్‌ని కూడా సొంత బిడ్డలా చూడండి. ట్యూనింగ్ ఒక డేటా మీద, కొలత వేరే డేటా మీద చెయ్యండి. ఒక్క ఫ్రేమ్‌తో ఆపొద్దు, ఫాంటమ్ మీద ప్రోబ్ కొంచెం కొంచెం జరుపుతూ కనీసం ఇరవై చోట్ల తీసి, ప్రతి చోటా రెండు పద్ధతుల తేడా లెక్కేసి, ఆ తేడాల సగటు, చెదురు రెండూ ఇవ్వండి. పిల్లోడి 0.01 అలాగే తేలింది, ఇరవై చోట్ల చూస్తే పదకొండు చోట్ల వాడిది పైన, తొమ్మిది చోట్ల కింద.

హాస్పిటల్ మెషీన్‌లో ఛానల్ డేటా రాదు, అక్కడ పోల్చాల్సింది మోడ్‌లని. ఎడ్జ్ ఎన్‌హాన్స్‌మెంట్, స్పెకల్ తగ్గించే ఫిల్టర్, గ్రే మ్యాప్ అన్నీ ఆఫ్ చేసో ఒకే సెట్టింగ్‌లో పెట్టో మొదలుపెట్టండి. స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తియ్యకండి, డైకామ్‌గా (మెడికల్ ఇమేజ్‌ల ఫైల్ ఫార్మాట్) ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ఇంకో మాట, మన దేశంలో అల్ట్రాసౌండ్ మెషీన్ అంటే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ ఆడో మగో చూడటాన్ని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, సెకండ్ హ్యాండ్‌ది చవగ్గా వస్తోందని రూమ్‌కి తెచ్చి పెట్టుకోవద్దు. మనిషి మీద స్కాన్ చెయ్యాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, అర్హత ఉన్న డాక్టర్, రిజిస్టరైన చోటు ఉండాలి, ఫ్రెండ్ మెడ మీద ఒకసారే కదా అనుకోకండి.

మనుషులతో చూపించేటప్పుడు పేర్లు తీసేసి, ఏది ఎడమో ఏది కుడో ప్రతి జంటకీ చీటీ తీసినట్టు మార్చి, ఒకే మానిటర్ మీద, మసక వెలుతురు గదిలో చూపించండి. "ఏది బాగుంది" అని అడగొద్దు, నున్నగా ఉన్నదే అందరూ బాగుందంటారు. "ఇందులో రాయి ఉందా, ఎక్కడ ఉంది, ఎంత నమ్మకం" అని అడగండి. మేము ఒకసారి పిత్తాశయం రాళ్ళ ఇమేజ్‌లు ఇలా చూపించాం, ఒకటి మామూలుది, ఒకటి చాలా కోణాల నుంచి తీసి సగటు చేసిన కాంపౌండ్‌ది. కాంపౌండ్‌లో స్పెకల్ నున్నగా ఉంది, గోడ గీత స్పష్టంగా ఉంది, సీఎన్ఆర్ కూడా దానిదే ఎక్కువ. రేడియాలజిస్ట్ మేడం మాత్రం రెండు చోట్ల మామూలు ఇమేజ్ దగ్గరే ఆగి, అక్కడే రాయి ఉందని గట్టిగా చెప్పారు. కారణం అడిగితే వేలు పెట్టి చూపించారు, రాయి కింద పడే నల్లటి నీడ. పక్క కోణాల నుంచి వచ్చిన బీమ్‌లు ఆ నీడలోకి దూరి దాన్ని చెరిపేశాయి. అప్పట్నుంచి మా ఫాంటమ్‌లో సిస్ట్ పక్కనే ఒక చిన్న గులకరాయి కూడా వేస్తున్నాం, నీడ ఎంత లోతుందో కొలిచే కాలమ్ ఒకటి టేబుల్‌లో చేర్చాం.